రెండు బోరింగులు, ఒక్క బోరు

ఆయన పోయాడని నాకు చెప్పినవాడు మా ఇంటి మోటరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు. స్క్రూ తిప్పుతూ, తల కూడా ఎత్తకుండా, "మా ఉస్తాద్ పోయిండు గద మేడం, నెలాయె" అన్నాడు. ఏ ఉస్తాద్ అని అడిగాను. "గదే, పటాన్‌చెరుల షెడ్డు ఉండె, బోరింగులు జేసేటాయన" అన్నాడు. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని గోడ మీద పెట్టి అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

నెల! సంగారెడ్డికి పటాన్‌చెరు ఏమంత దూరమని? ఎవరూ కబురు చెయ్యలేదు. పేపర్లో రాలేదు. రాదు కూడా. ఆయనకు అన్యాయం చేసిన ఇంజినీరు రిటైరైనప్పుడు మాత్రం శాలువా కప్పుకున్న ఫొటో వేశారు. ఆ పేపరు మడిచి నేరుగా పొయ్యిలో పెట్టాను. ఇలాంటి విషయాల్లో నేనేమంత మంచిదాన్ని కాదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. సంతకం పెట్టే జాగాలో తప్ప ఇంకెక్కడ తన పేరు కనిపించినా ముడుచుకుపోయే మనిషి.

ఎనభైల్లో సంగారెడ్డిలో, ఆఫీసుల వరుసకు ఎదురుగా, నాకు ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున పిల్లలకు నేర్పడం, పగలంతా వచ్చినవాళ్లకు అర్జీలు కొట్టివ్వడం. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోమని కుర్చీ చూపించాను. కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని ఇటూ అటూ ఊపాడు. అది కదిలింది. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, కుర్చీని తలకిందులు చేసి, నాలుగు కాళ్లూ బిగించి, నిలబెట్టి మళ్లీ ఊపి చూసి, అప్పుడు కూర్చున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. "లూజున్నది చెల్లె. ఎవలన్న పెద్దమనిషి పడితె నీకే మాటొస్తది" అన్నాడు.

నా కుర్చీ ఒక్కటే కాదు, ఎక్కడికి పోయినా అంతే. చాయ్ హోటల్ బల్ల, బస్సులో ముందు సీటు కడ్డీ, ఆఫీసు తలుపు గడియ, అన్నిటినీ ఒకసారి పట్టుకుని ఊపాల్సిందే. కదలకపోతే తృప్తిగా తలాడించేవాడు. కదిలితే ఆయన కదిలేవాడు కాదు. ఒకసారి బంట్రోతు స్టూలు బిగిస్తూ వరండాలో కూర్చుండిపోతే, లోపల పిలిచి పిలిచి, మనిషి రాలేదని రాసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నేను తిట్టిన తిట్లకు లెక్క లేదు. "స్టూలు మంచిగైంది గద" అన్నాడు.

నలభై దాటిన మనిషి, పొట్టి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి పెట్టినట్టు పొడుగ్గా ఉండేవి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ గ్రీజు. ఆదివారం చర్చికి పోయేటప్పుడైనా పోయేలా రుద్దుకోమని ఇంట్లో తిట్లు తినేవాడట. తండ్రి పల్లెలు తిరిగిన ఉపదేశి. "మా నాయిన ఊరూర తిరిగి వాక్యం చెప్పిండు. నేను ఊరూర తిరిగి నీళ్లు తోడిపిస్తున్న" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా కొంచెం సిగ్గుపడేవాడు.

ఇంకొక సంగతి. ఆయనకు కోపమొస్తే ఆకలయ్యేది. అరవడం, తిట్టడం ఏమీ ఉండదు. ఆఫీసులోంచి బయటికొచ్చి, నేరుగా మిర్చి బజ్జీల బండి దగ్గరికి పోయి, ప్లేటు మీద ప్లేటు తినేవాడు. ఎంత కోపమో ప్లేట్లు చూసి చెప్పొచ్చు. ఆ బండివాడు ఆయన అర్జీల మీదే బాగుపడ్డాడని మా ఇన్‌స్టిట్యూట్ పిల్లలు నవ్వుకునేవారు.

ఆ కోపం దేనికో చెప్పాలి.

మా వైపు చేతిపంపును బోరింగు అంటారు. నేలలోకి తొలిచిన గొయ్యి బోరు, దాని మీద బిగించేది బోరింగు. ఈయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేస్తూ, ఆ నౌకరీ వదిలేసి, కిరాయికి చిన్న షెడ్డు తీసుకుని సొంతంగా ఒక బోరింగు తయారుచేశాడు. అదే రోజుల్లో ఊళ్లకు బోరింగులు కావాలని ఆఫీసువాళ్లు టెండరు పిలిచారు. ఆ పని దొరికితే షెడ్డు నిలుస్తుంది, అందులో పనిచేసే మనుషులు నిలుస్తారు. దొరక్కపోతే వదిలేసి వచ్చిన ఫ్యాక్టరీ గేటు ముందు మళ్లీ వెళ్లి నిలబడాలి.

టెండరులో చివరికి ఇద్దరు మిగిలారు. ఈయనా, హైదరాబాదు కంపెనీ ఒకటీ. ఇద్దరూ తలా ఒక బోరింగు బిగించాలి, కమిటీ వచ్చి చూసి మార్కులు వేస్తుంది. ఎవరి బోరింగు బిందెను తొందరగా నింపితే వాళ్లకు ఎక్కువ మార్కులు. ఇంతవరకూ బాగానే ఉంది. కంపెనీ బోరింగు ఎక్కడ పెట్టించారో తెలుసా? లక్డారం దగ్గర, చెరువు కట్ట కింద. అక్కడ నీళ్లు చెయ్యి పెడితే తగిలేట్టుంటాయి. ఈయన బోరింగును హత్నూర అవతల, గుట్టల మీద ఉన్న ఒక ఊళ్లో పెట్టించారు. అక్కడ బోరులో గొట్టం మీద గొట్టం దించుతూ పోవాలి, ఎక్కడో అడుగున నీళ్లు. చెరువు కింది బోరింగుకు బిందె ఇట్టే నిండింది. గుట్ట మీది బోరింగుకు ఆలస్యమైంది. కమిటీ రెండూ రాసుకుని, కంపెనీదే మంచి బోరింగని తేల్చి, పని వాళ్లకు రాసిచ్చింది.

ఇంజినీరుకు తెలియక ఇట్లా జరిగిందేమో అనుకునేరు. ఆయనకు బాగా తెలుసు. జిల్లాలో ఏ ఊళ్లో ఎంత లోతున నీళ్లుంటాయో ఆయనకు నోటికి వచ్చు. తెలుసు కాబట్టే ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ పెట్టించాడు.

మొదటి అర్జీలో ఆయన చెప్పింది రెండే మాటలు. "నా బోరింగు వాళ్ల బోరింగు కంటె మంచిదని నేను చెప్తలేను. రెండింటిని ఒక్క బోరు మీద పెట్టుండ్రి, ఓడితె ఓడుత." నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అందరికీ కొట్టినట్టే చివర మామూలు వాక్యం తగిలించి చదివి వినిపించాను.

"ఆ ఆఖరు ముక్కకు అర్థమేంది?" అన్నాడు.

"వినయంగా ప్రార్థిస్తున్న అని అన్నా."

"ఎవల్ని?"

"ఇంజినీరు సారును."

"తీసెయ్ చెల్లె. ప్రార్థన నేను చర్చిల జేస్త. ఈడ అడుగుత."

"గట్ల రాస్తె వాళ్లకు కోపమొస్తదన్నా."

"రానియ్. నాకు రాలేదా?"

కాగితం తీసేసి మళ్లీ కొట్టాను. కార్బన్లు పాడయ్యాయని సణిగితే, పోతూ పోతూ నా మిషన్‌లో ఇరుక్కుపోయే అక్షరం బాగుచేసి పోయాడు.

ఆ తరవాత వారం వారం వచ్చేవాడు. అర్జీ పరిశీలనలో ఉందని జవాబు వచ్చేది. పరిశీలన ఎక్కడిదాకా వచ్చిందని ఇంకో అర్జీ. దానికీ పరిశీలనలో ఉందనే జవాబు. చివరికి ఇంజినీరు రమ్మని కబురు పెట్టాడు. ఇంగ్లీషులో ఏదైనా కాగితం పెట్టి సంతకం చెయ్యమంటారేమోనని నన్ను తోడు రమ్మన్నాడు.

ఇంజినీరు మంచిగానే మాట్లాడాడు. మంచిగా మాట్లాడేవాళ్లంటే నాకు అప్పటినుంచే భయం. చాయ్ తెప్పించాడు. ఈయన యథాప్రకారం కుర్చీ ఊపి చూసి కూర్చున్నాడు. ఇంజినీరు కనుబొమలు ముడిచి, మళ్లీ నవ్వు తెచ్చుకున్నాడు.

"చూడవయ్యా, కంపెనీవాళ్లతో నేను మాట్లాడతాను. బోరింగుల్లో వేసే తోలు వాషర్లు నీ దగ్గరే కొంటారు. నీ షెడ్డూ నడుస్తుంది, నీకు ఈ తిరుగుడూ తప్పుతుంది. అర్జీ వెనక్కి తీసుకో."

"వాషర్లు అమ్ముకుందునేమో సార్. గని నా బోరింగు మంచిది గాదని మీ కాయితంల ఉన్నది. అది అబద్ధం. ముందుగాల అది తీసెయ్యుండ్రి."

"కమిటీలో అందరం చదువుకున్నవాళ్లం. మార్కులు వేశాం. అయిపోయింది."

"మార్కులు ఏసిండ్రు సార్. పరీక్ష పెట్టలె."

ఇంజినీరు మొహం మాడిపోయింది. చాయ్ అక్కడే వదిలేసి వచ్చేశాం. ఆ రోజు బజ్జీల బండి దగ్గర ఆయన తింటూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను. "ఉస్తాద్‌కు అన్నం వద్దు, అర్జీ చాలు" అని బండివాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వాషర్ల పని ఒప్పుకుని ఉంటే ఆ ఇంట్లో కాస్త ఊపిరాడేది. ఆ మాటే అన్నాను కూడా. నోట్లో బజ్జీ నములుతూనే తల అడ్డంగా ఊపాడు.

కొన్నాళ్లకు పై ఆఫీసుకు కొత్త ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, ఇంకా అలిసిపోలేదు. జనం మొర వినే రోజున మేమిద్దరం వరుసలో నిలబడ్డాం. ఆఫీసరు అర్జీ చదివి, "ఇది కమిటీ నిర్ణయం కదా, ఏమిటి మీ అభ్యంతరం?" అన్నాడు. ఈయన కాసేపు గోడల వంక చూశాడు. మూలన కుండ కనబడింది.

"సార్, మీ బంట్రోతును ఈ మూలకెళ్లి గ్లాసెడు నీళ్లు తెమ్మనుండ్రి. నన్ను పటాన్‌చెరు కెళ్లి తెమ్మనుండ్రి. ఎవలు ముందుగాల తెస్తరు?"

"బంట్రోతే తెస్తాడు."

"అయితే నాకు కాళ్లు లేవని రాసిండ్రు సార్, మీ కమిటీవోళ్లు."

ఆఫీసరు నవ్వాడు. నవ్వుతూనే కాగితాలు మళ్లీ తిప్పాడు, ఆ తిప్పడంలో నవ్వు పోయింది. అప్పటికప్పుడు ఆర్డరు వేశాడు. రెండు బోరింగులూ ఒకే బోరు మీద, గుట్ట మీది ఊళ్లోనే, మళ్లీ పరీక్ష పెట్టాలి. అంతవరకు కంపెనీ ఒక్క బోరింగు కూడా ఎక్కడా బిగించకూడదు. బయటికొచ్చి ఆయన వరండా స్తంభం పట్టుకుని ఊపి చూశాడు. పాపం, అది రాతి స్తంభం.

పరీక్ష రోజున ఇన్‌స్టిట్యూట్‌కు సెలవిచ్చి నేనూ వెళ్లాను. ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్లు బిందెలు వరుసగా పెట్టి నిలబడ్డారు, సగం తమాషా చూడ్డానికి, సగం నీళ్లకోసం. ముందు ఈయన బోరింగు. ఎల్లవ్వ అని ఒక పెద్దామె కొట్టింది. ఆ ఊళ్లో బోరింగు బాగోగులన్నీ ఆమెవే. చీర బొడ్లో దోపుకుని, పిడి పట్టుకుని, ఒక్క తీరుగా కొట్టుకుంటూ పోయింది. నీళ్లు సన్నగానే వచ్చాయి కానీ తెగకుండా వచ్చాయి. బిందె నిండింది.

తరవాత ఆయనే తన బోరింగు విప్పాడు. లోపలి గొట్టాలు ఒక్కొక్కటే పైకి లాగి నేల మీద పరుస్తుంటే, ఆ వరుస చావిడి దాటి పోయింది. అది చూసి ఆఫీసరు ఇంజినీరు వంక ఒక చూపు చూశాడు. ఇంజినీరు గుట్టలు చూస్తున్నాడు. కంపెనీ మెకానిక్కులు తమది దించారు. ఎల్లవ్వ కొట్టింది. పిడి కదల్లేదు. ఇంకో ఆమె వచ్చి ఇద్దరూ వేలాడినట్టు కొట్టారు. ఎంతకో కాసిన్ని నీళ్లు వచ్చాయి. బిందె అడుగు తడిసిందో లేదో, లోపల ఎక్కడో టప్పుమని చప్పుడు. పిడి చేతిలో వదులుగా ఊగింది.

"గిదేంది సారూ, దీని పానం బోయింది!" అని ఎల్లవ్వ అరిచింది. ఊరు ఊరంతా నవ్వింది. నేనూ గట్టిగా నవ్వాను, సిగ్గుపడలేదు. నవ్వనిది ఆయనొక్కడే. విరిగిన కడ్డీ బయటికి రాగానే చేతిలోకి తీసుకుని, కంపెనీ కుర్ర మెకానిక్కును పక్కకు పిలిచి, "ఈడ అతుకు సక్కగ పట్టలె తమ్మీ. దించేముందు సుత్తెతోని కొట్టి సూడాలె" అని చెబుతున్నాడు. తరవాత చీకటి పడేలోపల తన బోరింగు మళ్లీ బిగించాడు. ఆడవాళ్లకు నీళ్లు కావాలి కదా.

కమిటీ నిర్ణయం చెల్లదని ఆఫీసరు రాశాడు. పని ఈయనకే ఇవ్వొచ్చు, కానీ రూలు ప్రకారం టెండరు మళ్లీ పిలవాలన్నారు. పిలవనీ, ఇప్పుడు భయమేముంది అనుకున్నాం. ఆ రోజు బజ్జీలు ఆయన మా అందరికీ తినిపించాడు. "సంతోషానికి గూడ ఆకలైతదా అన్నా?" అంటే, "ఇది ఆకలి గాదు చెల్లె, పండుగ" అన్నాడు.

ఆ పండుగ ఎన్నాళ్లో లేదు. ఆ ఆఫీసరును బదిలీ చేశారు. కొత్త టెండరు వచ్చింది. అందులో అంతకుముందు లేని ఒక కొత్త రూలు. ఇదివరకే ప్రభుత్వానికి వందల కొద్దీ బోరింగులు సరఫరా చేసిన అనుభవం ఉన్నవాళ్లే టెండరు వెయ్యాలి! ఇంకొకరితో పోల్చి ఓడించలేకపోయారు, అందుకని అసలు పోటీలోకే రాకుండా తలుపు వేసేశారు. పరీక్షే లేకపోతే తప్పుడు పరీక్ష అని ఎవరంటారు? చదువు ఇలాంటి వాటికే పనికొచ్చింది వాళ్లకు.

ఇద్దరం కలిసే వెళ్లాం. ఇంజినీరు ఈసారి చాయ్ తెప్పించలేదు.

"పని ఇయ్యకపోతె అనుభవం ఎట్లొస్తది సార్?" అని అడిగాడు ఈయన.

ఇంజినీరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ మాటకోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాడని నాకిప్పటికీ అనుమానం. "నువ్వే కదయ్యా అందరికీ ఒకే కొలత ఉండాలని జిల్లా అంతా చాటింపు వేశావు. ఇదిగో, అందరికీ ఒకటే రూలు. నీకూ అదే, కంపెనీకీ అదే."

ఆయన లేచి బయటికొచ్చాడు. బజ్జీల బండి దాటి నడిచాడు. బండివాడు పిలిచాడు, వినబడనట్టే పోయాడు. ఆకలి కాని కోపం కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. భయమేసింది.

ఆ తరవాత కూడా అర్జీలు కొట్టాను. అనుభవం రూలు తీసేయాలని, పాత పరీక్ష ఫలితం లెక్కలోకి తీసుకోవాలని. జవాబులు రావడం కూడా ఆగిపోయింది. హైకోర్టులో వెయ్యమన్నారు కొందరు. అక్కడ తేలేసరికి ఊళ్లన్నిట్లో బోరింగులు పెట్టడం అయిపోతుందని వకీలే చెప్పాడు. షెడ్డులో పనిచేసే బీహారు వెల్డరు, "ఛోడ్ దో ఉస్తాద్" అని, వదిలెయ్యమని బతిమాలేవాడు. "ఛోడ్‌నా నహీ ఆతా రే" అనేవాడు ఈయన. వదలడం తనకు రాదట. షెడ్డు మాత్రం మూయలేదు. ఇళ్ల గేట్లు, కిటికీ కడ్డీలు, ఎడ్లబండ్ల ఇరుసులు, ఏది వస్తే అది చేశారు. పని మళ్లీ కంపెనీకే పోయింది.

అంతటితో వదిలారా? లేదు. గుట్ట మీది ఊళ్లో ఉన్నది అనుమతి లేని బోరింగు, అది తీసేసి కంపెనీది పెడతాం, నీ సామాను తీసుకుపో అని కాగితం పంపారు. వాళ్లు పీకితే విరగ్గొడతారని ఆయనే వెళ్లాడు. తరవాత నాకు చెప్పాడు.

కంపెనీ లారీలో బోరింగులు, గొట్టాలు, ఒక చిన్న ఇంజినీరు వచ్చారట. ఈయన తనది విప్పి గొట్టాలన్నీ బయటపెట్టాడు. కంపెనీవాళ్లు తమ గొట్టాలు దించడం మొదలుపెట్టారు. అన్ని ఊళ్లకూ ఒకే లెక్కన తెచ్చిన గొట్టాలు. సగం లోతుకు కూడా పోలేదు, నీళ్లు ఇంకా ఎక్కడో కింద ఉన్నాయి. పొద్దు ఎక్కుతోంది. ఎల్లవ్వా మిగతా ఆడవాళ్లూ ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. అప్పుడు ఆ చిన్న ఇంజినీరు ఏమన్నాడో తెలుసా? "మీ గొట్టాలు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి కదా, మా పంపుకు ఇచ్చేయండి" అన్నాడట. సిగ్గు లేని మాట! ఆయన స్థానంలో నేనుంటే ఆ గొట్టంతోనే జవాబు చెప్పేదాన్ని.

ఈయన తన గొట్టాలు తానే మళ్లీ దించి, తన బోరింగే మళ్లీ బిగించాడు. "మీ గొట్టాలు తెచ్చుకున్నంక కబురు పెట్టుండ్రి సార్, వచ్చి మళ్ల పీకుత" అని చెప్పి బస్సెక్కాడు. కబురు రాలేదు. ఎవరూ రాలేదు. మరిచిపోయారేమో అనుకున్నాం.

ఏడాది తిరిగిందో లేదో గుర్తులేదు. నా టైపు మిషన్ బాగా చెడిపోతే బస్సులో వేసుకుని పటాన్‌చెరు షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన బల్ల మీద పెట్టుకుని విప్పి, నూనె వేసి, మళ్లీ బిగించాడు. కొట్టి చూడమన్నాడు. కాగితం ఎక్కిస్తుంటే గుమ్మంలో ఎల్లవ్వ. కొడుకు అక్కడే ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడట, చూడ్డానికి వచ్చింది. కొంగులో మూట కట్టినది విప్పి ఈయన చేతిలో పెట్టింది. కొబ్బరి చిప్ప.

"నీ బోరింగుకు పెండ్లి జేసిండ్రు కొడుకా!" అంది. మొహం వెలిగిపోతోంది. "పట్నం కెళ్లి పెద్ద పెద్ద సార్లు జీపులల్ల వచ్చిండ్రు. బోరింగుకు బొట్టు పెట్టిండ్రు, బంతిపూల దండేసిండ్రు, కొబ్బరికాయ కొట్టిండ్రు. ఒక సారు దోసిలి పట్టి తాగి, జిల్లా మొత్తంల గిసొంటి బోరింగు జూడలేదన్నడు. మన ఇంజినీరు సారు పక్కపొంటి నిలవడి ఫొటో దిగిండు. నేను అటు జూస్తి, ఇటు జూస్తి, నువ్వు గనవడలె. నిన్ను పిలువలేదా? గందుకే నీ చిప్ప నేను దాసి తెచ్చిన."

షెడ్డులో వెల్డింగు చప్పుడు ఆగిపోయింది.

"ఎవలి బోరింగని చెప్పిండ్రవ్వా సార్లకు?" అని అడిగాడు ఆయన.

"ఏందో కంపినీ పేరు చెప్పిండ్రు. నాకు నోరు దిరగదు. గది నీ కంపినీయే గద కొడుకా?"

ఆయన నా వంక చూడలేదు. "అవునవ్వా, నాదే" అన్నాడు.

దేవుడికి కొట్టిన కొబ్బరికాయ వాళ్లింట్లో తినరు. అది నాకు తెలుసు, షెడ్డులో అందరికీ తెలుసు. ఆయన ఆ చిప్ప పగలగొట్టి, అందరికీ తలా ముక్క ఇచ్చి, ఒక ముక్క తను నోట్లో వేసుకున్నాడు. ఎల్లవ్వకు చాయ్ తాగించి, కొడుకు ఉండే గల్లీ దాకా వెల్డరును తోడిచ్చి పంపాడు.

ఆమె మలుపు తిరిగిందో లేదో నేను లేచి నిలబడ్డాను. ఒళ్లంతా మంట. ఊళ్లన్నిట్లో కంపెనీ బోరింగులు మూలన పడుతుంటే, కంపెనీ పేరు చెప్పి పైవాళ్లకు చూపించుకోవడానికి వీళ్లకు దొరికింది ఈయన బోరింగు! దాని పక్కన నిలబడి ఫొటో! "దొరికిండ్రన్నా, ఇప్పుడు దొరికిండ్రు. మిషిన్ ఈడనే ఉన్నది, కాయితం ఎక్కించే ఉన్నది. చెప్పు, ఇప్పుడే కొడుత. ఊరు ఊరంత సాక్ష్యమున్నది, ఈసారి తప్పించుకోలేరు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన వచ్చి మిషన్ పక్కన ఉండే గుండీ తిప్పి, తెల్లకాగితాన్ని మెల్లగా బయటికి లాగాడు.

"ఏం జేస్తరు చెల్లె వాళ్లు? తప్పయింది, సరిజేస్తం అంటరు. సరిజేసుడంటె ఏంది? నాది పీకి వాళ్లది పెట్టుడు."

"మరి నీ సంగతి?"

"అవ్వ ఏం తాగాలె?"

నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఆయన కాగితాన్ని మడత పడకుండా నా చేతికిచ్చి, మిషన్‌ను గోనెసంచిలో కట్టి బస్టాండు దాకా మోసుకొచ్చాడు.

ఆ బోరింగు ఆ ఊళ్లో చాలా ఏళ్లు నీళ్లిచ్చింది. వాషర్లు అరిగినప్పుడల్లా ఎల్లవ్వ కబురు పంపేది, ఆయన పోయి వేసి వచ్చేవాడు. ఆఫీసు లెక్కల్లో అది ఇప్పటికీ కంపెనీదే.